పురపాలక సంఘముల ఉమ్మడి వాణి

వీధి కొళాయిలో నీరు రాకున్నను, దీపము వెలుగకున్నను, మురుగు కాలువ పొంగి వాకిటికి వచ్చినను మనము మొదట తలచుకొనునది మన పురపాలక సంఘమును, పల్లెలోనైనచో పంచాయతీని. ప్రభుత్వములలో మన గడపకు మిక్కిలి చేరువనున్నది అదియే. కనుకనే నిందలో పెద్ద పాలు కూడ దానికే దక్కును. ఇది సహజము. కాని ఆ పురపాలక సంఘమునకే కష్టము కలిగినపుడు అది ఎవరితో చెప్పుకొనును? తన చేతిలో లేని చట్టము వలననో, తనను సంప్రదింపకయే పైవారు చేసిన నిర్ణయము వలననో ఊరికి కీడు వాటిల్లినచో, ఆ ఊరి పక్షమున రాజధానిలో మాటాడువారెవరు?

ఈ ప్రశ్నకు అనేక దేశములు ఒకే సమాధానమును కనుగొన్నవి. స్థానిక ప్రభుత్వములన్నియు కూడి ఒక సంఘముగా ఏర్పడుటయే ఆ సమాధానము. నెదర్లండ్సు దేశమున అట్టి సంఘము 1912లో పుట్టినది. దక్షిణాఫ్రికా 1996లో రచించుకొన్న రాజ్యాంగము అట్టి సంఘమునకు తనలోనే తావు కల్పించినది. ఈ ప్రసంగమునకు మేము కెనడా దేశపు పురపాలక సంఘముల సమాఖ్యను ఉదాహరణముగా గైకొందుము. దీనికి కారణము కలదు. కెనడాను ఏర్పరచిన 1867 నాటి చట్టము పురపాలక వ్యవస్థను సంపూర్ణముగా రాష్ట్రముల వశము చేసినది. ఆ దేశమున పట్టణమునకు రాజ్యాంగములో తనదైన పీట లేదు. రాష్ట్రము తలచినచో పట్టణమును మఱియొక పట్టణములో కలుపవచ్చును, దాని సరిహద్దులు మార్చవచ్చును. కేంద్ర ప్రభుత్వము దానితో నేరుగా మాటాడవలెనను నిర్బంధము లేదు. పీట లేనివాడు మాట దక్కించుకొనిన విధమెట్టిదో తెలిసికొనుటకు ఇంతకన్న తగిన ఉదాహరణము అరుదు.

ఇరువదవ శతాబ్దారంభమున కెనడా నగరములను ఒకచోటికి చేర్చినది టెలిఫోను స్తంభము. ఇది వినుటకు వింతగా తోచవచ్చును. 1880లో పార్లమెంటు చేసిన చట్టము ఆధారముగా బెల్ టెలిఫోను కంపెనీ నగర వీధులలో స్తంభములు పాతుటకును, తీగలు లాగుటకును, వలసినచోట నేల త్రవ్వుటకును తనకు హక్కు కలదని వాదించెను. వీధిని వేసినది నగరము. దానిని బాగుచేయవలసినది నగరము. త్రవ్వువారు మాత్రము నగరము అనుమతి కోరనక్కరలేదు! ఒక్కొక్క నగరము ఒంటరిగా అభ్యంతరము చెప్పినపుడు ఆ మాట గాలిలో కలిసిపోయెను. అంతట 1901లో టొరాంటో మేయరు ఆలివర్ హౌలండ్, మాంట్రియల్‌ను ఆనుకొనియున్న వెస్ట్‌మౌంట్ మేయరు విలియం డౌ లైట్‌హాల్ పూనుకొని కెనడా పురపాలక సంఘముల యూనియన్ స్థాపించిరి. లైట్‌హాల్ వృత్తిచే న్యాయవాది, అభిరుచిచే కవి, నవలాకారుడు. వీధి హక్కును గూర్చి దేశమంతట వినబడునట్లు వ్రాయుటకు తగినవాడే లభించెననవలెను.

టొరాంటో నగరము వేసిన వ్యాజ్యము లండనులోని ప్రివీ కౌన్సిలు వరకు పోయెను. 1904లో కంపెనీ పక్షముననే తీర్పు వచ్చెను. న్యాయస్థానమున ఓడిన నగరములు శాసనసభవైపు తిరిగినవి. పార్లమెంటు 1905లో టెలిఫోను వ్యవహారమును విచారించుటకు ఒక సంఘమును నియమించెను. 1906లో టెలిఫోను రుసుములను రైల్వే కమిషనర్ల బోర్డు అదుపులోనికి తెచ్చు చట్టము చేసెను. ఆ ఆందోళనలో యూనియన్ ముందునిలిచి నడచినది. నగరములు కోరినదంతయు సిద్ధింపలేదు. అయినను కంపెనీ తనకు తానే న్యాయాధిపతియగు స్థితి తొలగెను. చట్టము ప్రతికూలముగా ఉన్నపుడు చట్టమునే మార్చుమని అడుగవచ్చుననియు, ఆ అడుగుట ఒంటరిగా చేసినచో ఫలింపదనియు నగరములు నేర్చుకొన్న తొలి పాఠమిది.

రెండవ పాఠము 1930వ దశకమున వచ్చినది. ప్రపంచమంతట వ్యాపారము కుంగిపోయినపుడు కెనడాలో 1933 నాటికి పనిచేయగలవారిలో నూటికి సుమారు 30 మందికి పని లేకపోయెను. పని లేనివారికి తిండి, కట్టెలు సమకూర్చు బాధ్యత ఆనాటి పద్ధతి ననుసరించి మొదట పట్టణముల మీదనే పడెను. పట్టణమునకున్న ముఖ్యమైన ఆదాయము ఇంటి పన్ను. పని పోయినవాడు ఇంటి పన్ను కట్టలేడు. వానికి సహాయము చేయవలసినది ఆ పన్ను మీద బ్రతుకు పట్టణమే. ఒకే తాడు రెండు కొనల నుండి కాలుచున్నట్లయ్యెను. పసిఫిక్ తీరమునందలి బర్నబీ వంటి పట్టణములు అప్పు తీర్చలేక దివాలా తీయగా, ఎన్నుకొనబడిన కౌన్సిలు స్థానమున ప్రభుత్వము నియమించిన కమిషనరు వచ్చి కూర్చుండెను. ఊరివారు తమ అప్పులతోపాటు తమ వోటు విలువను కూడ కోల్పోయిరన్నమాట.

1935లో వివిధ నగరముల మేయర్లు మాంట్రియల్‌లో సమావేశమై, నిరుద్యోగము ఒక ఊరి తప్పు కాదనియు, దేశమంతటికి వచ్చిన ఆపదను దేశమే భరింపవలెననియు కోరిరి. ఈ మేయర్ల సభయు, పాత యూనియనును 1937లో ఏకమై నేటి సమాఖ్యకు మూలమయ్యెను. కెనడా పురపాలక సంఘముల సమాఖ్య యను ప్రస్తుత నామము 1976లో వచ్చినది. ఆర్థిక సంబంధములను విచారించిన రాయల్ కమిషను 1940లో నిరుద్యోగ సహాయమును కేంద్రము వహింపవలెనని సిఫారసు చేసెను. ఆ సంవత్సరమే రాజ్యాంగమును సవరించి నిరుద్యోగ బీమా చట్టము చేయబడెను. ఈ ఫలితమునకు మేయర్ల మాట ఒక్కటే కారణమని మేము చెప్పము. కాని అన్ని ఊళ్ల లెక్కలు ఒక్కచోట పోగుపడనిదే, ఒక్కొక్క ఊరి దివాలా ఆ ఊరి చేతకానితనముగానే లోకమునకు కనబడియుండెడిది.

ఇక ఈ సమాఖ్య ఎట్లు పనిచేయునో చూతము. ఇందు సభ్యత్వము ఐచ్ఛికము. రెండువేలకు పైగా పురపాలక సంఘములు ఇందు చేరియున్నవి. దేశ జనాభాలో నూటికి 90 మందికి పైగా ఆ ఊళ్లలో నివసించువారే. జనసంఖ్యను బట్టి ప్రతి సభ్యుడును సాలుకు చందా చెల్లించును. ఏటేట మహాసభ జరుగును. అచట తీర్మానములు చర్చకు వచ్చును, పాలకవర్గము ఎన్నుకొనబడును. పాలకవర్గమునందు మేయర్లు, కౌన్సిలర్లే ఉందురు. రాజధానియగు ఒట్టావాలో సమాఖ్యకు స్థిరమైన కార్యాలయము కలదు. అందలి ఉద్యోగులు బడ్జెట్టును, బిల్లులను చదివి, వాటివలన ఊళ్లకు కలుగు లాభనష్టములను లెక్కకట్టి సభ్యులకు తెలుపుదురు. ప్రతి శరదృతువునందు ప్రతినిధులు ఒట్టావాకు వచ్చి పార్లమెంటు సభ్యులను ముఖాముఖి కలిసికొందురు.

ఇట్టి సంఘమునకు ఒక ఇంటిగుట్టు కూడ కలదు. లక్షలాది జనము గల మహానగరమునకును, ఒక్క గుమాస్తాతో నడచు చిన్న ఊరికిని కోరికలు ఒక్కటి కానేరవు. ఒకరికి భూగర్భ రైలు కావలెను. మఱియొకరికి వంతెన మీద రెండు పలకలు మార్చిన చాలును. పెద్ద నగరముల మేయర్లకు 1983 నుండి సమాఖ్యలోనే ఒక ప్రత్యేక బృందము కలదు. గ్రామీణ సభ్యులకు వేఱొక వేదిక కలదు. అందఱును సమ్మతించిన విషయమునే సమాఖ్య పైకి చెప్పును. అందుచే దాని మాట కొన్నిసారులు మెత్తబడుట నిజమే. కాని సమాఖ్య బయట ఆజ్ఞాపింపజాలదు, పన్ను వేయజాలదు, ఎవరిని శిక్షింపజాలదు. ఇంటిలో జగడమాడి బయట ఒక్కమాట మీద నిలుచుటయే దానికున్న బలము.

ఆ బలము ప్రాణములకు సంబంధించిన విషయమున ఎట్లు ఉపయోగపడెనో ఒక ఘోర సంఘటన తెలుపుచున్నది. క్యుబెక్ రాష్ట్రమున లాక్ మెగాంటిక్ అను చిన్న పట్టణము కలదు. 2013 జూలై 6వ తేదీ అర్ధరాత్రి దాటిన పిమ్మట, ఎగువనున్న నాంట్ అను ఊరివద్ద కాపలా లేక నిలిపియుంచిన సరకు రైలుబండి చేతి బ్రేకుల బలము చాలక పల్లమునకు జారెను. దాని వెంట 72 ముడిచమురు ట్యాంకు వ్యాగన్లు ఉండెను. అవి పట్టణము నడిబొడ్డుననే పట్టాలు తప్పి మండినవి. 47 మంది మరణించిరి. చుట్టుపట్ల ఊళ్ల నుండియు, సరిహద్దునకు ఆవలి మెయిన్ రాష్ట్రము నుండియు అగ్నిమాపక దళములు వచ్చి మంటలతో పోరాడినవి.

ఇట్టి ఆపదలో ముందుగా పరుగెత్తువాడు స్థానిక అగ్నిమాపక సైనికుడు. కాని తన ఊరి గుండా ఏ బండిలో ఏ పదార్థము పోవుచున్నదో వానికి తెలియజేయవలెనను కట్టడి అప్పటికి రైల్వేలకు లేదు. రైలు దారి కేంద్ర ప్రభుత్వము అధీనములోనిది. పట్టాలు ఊరి మధ్యనున్నను వాటిపై ఊరికి అధికారము లేదు. ఇది ఒక్క లాక్ మెగాంటిక్ కష్టము కాదు. రైలు దారి గల ప్రతి పట్టణపు కష్టము. సమాఖ్య వెంటనే రైలు భద్రతను గూర్చి పురపాలక ప్రతినిధుల బృందమును ఏర్పరచెను. స్థానిక దళములు ఆపదకు ముందుగానే సిద్ధపడునట్లు చేయుట, భద్రతా నియమములను బిగించుట, ప్రమాదముల ఖర్చు ఊరివారి ఇంటి పన్ను మీద పడకుండ చూచుట – ఈ మూడు కోరికలను పట్టుకొని అది ప్రభుత్వము చుట్టును తిరిగినది.

అదే సంవత్సరము నవంబరులో రవాణా మంత్రిత్వశాఖ ఒక ఉత్తర్వు జారీచేసి, తాము మోయుచున్న ప్రమాదకర పదార్థముల వివరములను రైల్వేలు స్థానిక అధికారులకు తెలుపవలెనని శాసించెను. 2015లో వచ్చిన చట్టము ముడిచమురు పంపువారి నుండి రుసుము వసూలుచేసి ప్రమాద బాధితులకై ఒక నిధిని నెలకొల్పెను. ఇందును లోపము లేకపోలేదు. 2013 నాటి ఉత్తర్వు క్రింద ఊరికి అందినవి గడచిన కాలపు మొత్తము లెక్కలే గాని, నేటి రాత్రి రానున్న బండి వివరము కాదు. అయినను దళమునకు ఏ నురుగు మందు నిలువ ఉంచుకొనవలెనో, ఏ శిక్షణము ఈయవలెనో నిర్ణయించుటకు ఆధారమేర్పడినది. నలువదియేడు ప్రాణములకు ఇది వెల కాదు. రాబోవు ప్రాణములకు కొంత కాపుదల మాత్రమే.

ధన విషయమునకు వత్తము. కెనడాలో ప్రజలు చెల్లించు పన్నులలో డాలరునకు సుమారు పది సెంట్లకు మించి పురపాలక సంఘములకు చేరదనియు, దేశములోని ప్రజోపయోగ నిర్మాణములలో నూటికి సుమారు 60 వంతులు వాటి ఆధీనముననే ఉన్నవనియు సమాఖ్య తరచుగా చెప్పుచుండును. అనగా బరువు ఎక్కువ, రాబడి తక్కువ. పైగా ఊరు కొన్న ప్రతి వస్తువు మీదను కేంద్రమునకు సరకుల, సేవల పన్ను చెల్లించి, అందులో నూటికి 57 వంతులు మాత్రమే తిరిగి పొందుచుండెను. ఒక ప్రభుత్వము వేఱొక ప్రభుత్వముపై పన్ను వేయుట ఏ నీతి యని సమాఖ్య ఏండ్ల తరబడి వాదించినది. 2004లో ఆ పన్ను పూర్తిగా వాపసు చేయుటకు కేంద్రము అంగీకరించెను. 2005లో పెట్రోలు పన్ను నుండి ఊళ్లకు భాగమిచ్చు పద్ధతి మొదలయ్యెను. తొలి అయిదేండ్లకు 500 కోట్ల డాలర్లు నిర్ణయింపబడెను. ఏటికి 200 కోట్లకు పెరిగిన ఆ నిధి 2011లో చట్టబద్ధమయ్యెను. 2021లో దానికి పేరు మాత్రము మారినది. ప్రతి సంవత్సరము వచ్చునని తెలిసిన ధనమునకును, ఎన్నికల ముందు వరముగా పడు ధనమునకును ఎంత భేదము కలదో ఊరి బడ్జెట్టు వ్రాయువారికే తెలియును.

వాదించుట ఒక చేయియైన, ఆసరా యిచ్చుట రెండవ చేయి. 2000 సంవత్సరమున కేంద్రము 12 కోట్ల 50 లక్షల డాలర్లతో ఒక హరిత నిధిని నెలకొల్పి, దాని నిర్వహణమును సమాఖ్య చేతిలోనే ఉంచెను. నీటి పొదుపు, చెత్త, ఇంధనము మొదలగు విషయములలో క్రొత్త ప్రయత్నములు చేయగోరు ఊళ్లకు ఆ నిధి నుండి అప్పును, సహాయమును లభించును. అల్బెర్టా రాష్ట్రమునందలి ఓకోటోక్స్ పట్టణమున 52 ఇండ్ల కొకచోట, వేసవి యెండ వేడిమిని భూమిలో నిలువచేసి చలికాలమున ఇండ్లు వెచ్చచేయు ఏర్పాటు ఈ నిధి సహాయముతో జరిగినది. 2007 నుండి పనిచేసిన ఆ యంత్రసామగ్రి శిథిలము కాగా దానిని మూసివేయుటకు 2024లో నిశ్చయించిరి. ఒక ఊరు చేసిన ప్రయోగము, దాని జయము, దాని అలసట – మూడును ఇతర ఊళ్లకు తెలియుట కూడ లాభమే.

ఇంతకన్న చిన్నదిగా కనబడు పని మఱియొకటి కలదు. 2016లో కేంద్రము 5 కోట్ల డాలర్లు, 2019లో మఱి 6 కోట్లు సమకూర్చగా, చిన్న ఊళ్లు తమ ఆస్తులను లెక్కవేసికొనుటకు సమాఖ్య సహాయము చేసినది. భూమిలో ఎన్ని గొట్టములున్నవి, అవి ఏనాటివి, ఏది ముందు పగులునో తెలియని ఊళ్లు ఎన్నియో కలవు. ఈ లెక్క చూచుటకు మెఱుపు లేదు, ప్రారంభోత్సవము లేదు. కాని మేము ముఖ్యముగా మనవి చేయదలచినది ఇచ్చటనే కలదు. ఊరిలో గొట్టములు లెక్కపెట్టనిదే రాజధానిలో వాదమునకు బలము రాదు. మంత్రి ఎదుట ‘మాకు కష్టముగా ఉన్నది’ యనుట విన్నపము. ‘ఇన్ని మైళ్ల గొట్టములు ఇన్నేండ్లలో మార్చవలెను, మా రాబడి ఇంత’ యనుట వాదము. సభ్యులకు ఆసరా యిచ్చుటయు, సభ్యుల పక్షమున వాదించుటయు వేఱువేఱు పనులు కావు. మొదటిది వేరు, రెండవది కొమ్మ.

ఓటములు కూడ చెప్పవలెను. 2020లో కోవిడు వ్యాధి వ్యాపించినపుడు బస్సులు ఖాళీగా తిరిగి, ఊళ్ల రాబడి పడిపోయెను. సమాఖ్య ఏప్రిలు నెలలో కనీసము 1,000 కోట్ల డాలర్లు కోరెను. జూలైలో కుదిరిన ఒప్పందమున పురపాలక సంఘముల నిర్వహణ వ్యయమునకు లభించినది 200 కోట్ల వరకు. నగర రవాణాకు వేఱుగా కొంత. కోరినది దొరకలేదు, వట్టిచేతులతోను పోలేదు. 2021లో కేంద్ర పోలీసు దళము తొలిసారిగా జీతముల ఒప్పందము కుదుర్చుకొని, 2017 నుండి బకాయిలు పొందెను. ఆ దళమును కాంట్రాక్టు మీద నియమించుకొన్న ఊళ్లు, తాము పాల్గొనని చర్చల ఫలితమునకు తామేల బకాయి చెల్లింపవలెనని అడిగినవి. ఆ భారమును కేంద్రము వహింపదని 2023 బడ్జెట్టు తేల్చిచెప్పినది. నూఱేండ్లు దాటిన సంఘమునకును తలుపు ఎల్లవేళల తెఱవబడదు.

మన దేశ స్థితి కొంత భిన్నము. 1959లో నెహ్రూగారు షాద్‌నగరులో పంచాయతీరాజ్యమును ప్రారంభించిన నాడు తెలుగువారు ఈ మార్గమున ముందు నడచినవారిలో ఉండిరి. 1992లో పార్లమెంటు ఆమోదించిన 73, 74వ రాజ్యాంగ సవరణలు 1993లో అమలులోనికి వచ్చి, పంచాయతీలకును, పురపాలక సంఘములకును రాజ్యాంగములోనే స్థానమిచ్చినవి. 11వ షెడ్యూలున 29, 12వ షెడ్యూలున 18 విషయములు పేర్కొనబడినవి. అయిదేండ్లకొకసారి రాష్ట్ర ఆర్థిక సంఘము ఏర్పడవలెనను నియమము కలదు. కెనడా పట్టణములకు లేని పీట మనకు కలదు. కాని ఆ విషయములలో ఎన్నింటిని, ఎంత ధనముతో, ఎంత సిబ్బందితో అప్పగింపవలెనను నిర్ణయము నేటికిని రాష్ట్ర శాసనసభలదే. పీట ఉన్నంత మాత్రమున విస్తరిలో అన్నము పడదు. అడుగనిదే అమ్మయైనను పెట్టదని మన పెద్దలు ఊరకే అనలేదు.

మన సర్పంచులు, పురపాలక అధ్యక్షులు కూడ సంఘములుగా ఏర్పడుట క్రొత్త కాదు. అట్టి సంఘము విలువను కొలుచుటకు మేము సూచించు కొలబద్ద సులభమైనది. అది ఒక్కొక్క ఊరి నుండి ఏ లెక్కలు సేకరించినది? చిన్న ఊరి గుమాస్తాకు ఏమి నేర్పినది? పార్టీలు వేఱైనను ఒక్క మాట మీద నిలిచినది ఎన్ని విషయములలో? ఈ మూడింటికి సమాధానము గల సంఘము నేడు ఓడినను రేపు మరల తలుపు తట్టగలదు. సమాధానము లేని సంఘము సన్మానసభలకే పరిమితమగును.

శ్రోతలకు ఇందు పని లేదనుకొనరాదు. ఊరి సభకు పోయి, మన వీధి గొట్టము ఏనాటిదో, మన ఊరి చెఱువు విస్తీర్ణమెంతయో, మన పన్నులో ఊరికి మిగులునదెంతయో అడిగి వ్రాయించుట ఏ పౌరుడైనను చేయగల పని. ఆ కాగితము పురపాలక కార్యాలయము నుండి సంఘమునకు, సంఘము నుండి రాజధానికి పోవును. రాజధానిలో వినబడు ఉమ్మడి వాణికి మొదటి అక్షరము మన వీధిలోనే వ్రాయబడవలెను.